రొదకు చెదరని క్యూబిట్‌ను ఎలా కడతారు?



పన్నెండో తరగతి తరువాత ఏం చదవాలని ఆలోచించే పిల్లల నోట ఈ మధ్య 'క్వాంటం కంప్యూటర్' అనే మాట తరచు వినిపిస్తోంది. తల్లిదండ్రుల ప్రశ్న వేరు. "ఆ చదువు అసలు దేని గురించి? మాహూర్ లాంటి చిన్న ఊరి నుంచి వెళ్ళిన మా పిల్లలకు అందులో చోటుంటుందా?" అని వారు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబుగా పెద్ద పెద్ద మాటలు చెప్పడం కన్నా, ఆ రంగంలో పని చేసేవారికి రోజూ నిద్ర పట్టనివ్వని ఒకే ఒక్క సమస్యను తీసుకుని వివరిస్తాను. అది అర్థమైతే ఏ చదువు ఎక్కడ అక్కరకు వస్తుందో, ఏ ప్రకటనను నమ్మాలో, దేన్ని నమ్మకూడదో మీకే తెలుస్తుంది.

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలేజీకి వెళ్ళాక ఇంగ్లీషు. మన పక్కనున్న కిన్వట్ తాలూకా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. కాబట్టి మూడు భాషల మధ్య నడవడం మనకు కొత్త కాదు. ఈ వ్యాసంలో సాంకేతిక పదాలను వాడుకలో ఉన్నట్టే రాసి, వాటి అర్థాన్ని ఇంటి మాటల్లో చెబుతాను.

క్యూబిట్ అంటే

మామూలు కంప్యూటర్‌లో సమాచారం బిట్ల రూపంలో ఉంటుంది. బిట్ అంటే దీపం స్విచ్ లాంటిది. వెలిగితే 1, ఆరితే 0. మధ్యస్థితి లేదు. క్యూబిట్ అలా కాదు. అందులో 0 పాలు ఎంత, 1 పాలు ఎంత అన్నది ఒక లెక్క. ఆ రెండింటి మధ్య తాళం ఎలా ఉందన్నది రెండో లెక్క. ఈ రెండో లెక్కను శాస్త్రంలో ఫేజ్ అంటారు. క్వాంటం కంప్యూటర్ బలమంతా ఈ రెండు లెక్కలనూ చెదరకుండా నిలుపుకోవడంలోనే ఉంది.

కోలాటం ఆడేవారిని గుర్తు చేసుకోండి. ఆట రెండు విధాలుగా చెడవచ్చు. ఆడేవారిలో ఒకరు అలసి కూర్చుండిపోవచ్చు. లేదా అందరూ ఆడుతూనే ఉన్నా తాళం తప్పి కర్రకు కర్ర తగలకపోవచ్చు. క్యూబిట్ కూడా సరిగ్గా ఈ రెండు విధాలుగానే చెడుతుంది. 1 స్థితిలో ఉన్నది శక్తిని పోగొట్టుకుని 0కి జారిపోవడం మొదటిది. దీన్ని రిలాక్సేషన్ అంటారు. శక్తి పోకపోయినా 0కీ 1కీ మధ్య తాళం తప్పడం రెండవది. దీన్ని డీఫేజింగ్ అంటారు. ఈ రెండు జబ్బులకూ మందులు వేరువేరు. మన కథంతా అక్కడే ఉంది.

క్యూబిట్‌లను పలు విధాలుగా చేస్తారు. మనం చూసేది సూపర్‌కండక్టర్ క్యూబిట్. కొన్ని లోహాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్తు ఏ నిరోధమూ లేకుండా ప్రవహిస్తుంది. అల్యూమినియం సుమారు 1.2 కెల్విన్ వద్ద, అంటే సున్నా కింద దాదాపు 272 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఈ స్థితికి వస్తుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు జంటలుగా కదులుతాయి. రెండు అల్యూమినియం పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల మందం గల అల్యూమినియం ఆక్సైడ్ పొరను ఉంచితే, ఆ జంటలు గోడను దాటుకుని అవతలికి పోగలవు. దీన్ని జోసెఫ్‌సన్ జంక్షన్ అంటారు. 1962లో బ్రయన్ జోసెఫ్‌సన్ అనే యువ పరిశోధక విద్యార్థి దీన్ని లెక్కగట్టి చెప్పాడు. 1973లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ జంక్షన్ ఎందుకు కావాలి? పన్నెండో తరగతిలో మీరు ఇండక్టర్, కెపాసిటర్ కలిపిన ఎల్‌సీ వలయాన్ని చదువుతారు. చల్లని సూపర్‌కండక్టర్‌తో దాన్ని చేస్తే దాని శక్తి మెట్లుమెట్లుగా ఉంటుంది. కానీ ఆ మెట్లన్నీ ఒకే ఎత్తు. మొదటి మెట్టు ఎక్కించడానికి వాడిన మైక్రోవేవ్ తరంగమే రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ తోసేస్తుంది. మనకు కావలసింది కింది రెండు మెట్లే. జంక్షన్‌ను పెడితే మెట్ల ఎత్తులు అసమానంగా మారతాయి. అప్పుడు 0, 1 అనే రెండు మెట్ల మీదనే పని జరిపించవచ్చు.

ఇంత పెద్ద వలయంలో, కంటికి దాదాపు కనిపించే పరిమాణంలో, క్వాంటం మెట్లు నిజంగా ఉంటాయా? ఉంటాయని 1984, 1985 సంవత్సరాలలో అమెరికాలోని బర్క్‌లీలో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్ ప్రయోగం చేసి చూపించారు. నలభై ఏళ్ళ తరువాత 2025లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

రొద ఎక్కడి నుంచి వస్తుంది?

క్యూబిట్‌ను కదిలించే ప్రతి అవాంఛిత ప్రభావాన్నీ రొద అంటారు. చెవికి వినబడే శబ్దమే కానక్కరలేదు. ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది వేడి. ఈ క్యూబిట్‌లు ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. ఆ మెట్టు ఎత్తును ఉష్ణోగ్రతగా మార్చి చూస్తే సుమారు 0.24 కెల్విన్. మన గది ఉష్ణోగ్రత దాదాపు 300 కెల్విన్. అంటే గదిలోని వేడికి ఆ మెట్టు ఒక లెక్కే కాదు. అందుకే చిప్‌ను 0.01 నుంచి 0.02 కెల్విన్ వరకు చల్లబరుస్తారు. ఇందుకు డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అనే ప్రత్యేక యంత్రం కావాలి.

రెండవది విద్యుదావేశపు రొద. చిప్ మీద, దాని ఉపరితలాల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు అటూ ఇటూ గెంతుతుంటాయి. మూడవది అయస్కాంత రొద. లోహపు ఉపరితలం మీది అతి చిన్న అయస్కాంతాలు దిశ మారుస్తుంటాయి. నాలుగవది పదార్థంలోని లోపాలు. ఆక్సైడ్ పొరల్లో అణువుల అమరిక సక్రమంగా లేనిచోట చిన్న చిన్న లోపాలు ఉండి క్యూబిట్ శక్తిని మింగేస్తాయి.

వీటిని పూర్తిగా నిర్మూలించడం ఎవరివల్లా కాలేదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే దీపం ఆరక మానదు. గాలి ఆగేదాకా కూర్చోవడమూ కుదరదు. మిగిలిన దారి దీపాన్నే గాలికి తట్టుకునేలా కట్టడం. రొద నుంచి రక్షణ గల క్యూబిట్ రూపకల్పన అంటే ఇదే.

మొదటి పాఠం: కంసాలి త్రాసు, పత్తి కాటా

1999లో జపాన్‌లోని ఎన్ఈసీ సంస్థలో నకమురా, పష్కిన్, త్సై అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మొదటి సూపర్‌కండక్టర్ క్యూబిట్‌ను తమ అదుపులో ఆడించి చూపారు. ఒక చిన్న అల్యూమినియం ద్వీపం మీద ఎలక్ట్రాన్ జంట ఒకటి ఎక్కువ ఉందా లేదా అన్నదే అక్కడ 0, 1. గొప్ప ప్రయోగమే గాని, ఆ స్థితి నిలిచింది కొన్ని నానోసెకన్లు మాత్రమే. నానోసెకను అంటే సెకనులో వందకోట్ల వంతు.

కారణం తేలికే. ఒక్క జంట తేడాను పట్టుకునే పరికరం పక్కనున్న ఒక్క ఎలక్ట్రాన్ గెంతినా ఉలిక్కిపడుతుంది. కంసాలి త్రాసు ఊపిరి తగిలినా ఊగుతుంది కదా, అలాగే.

2002లో ఫ్రాన్సులోని సాక్లే పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. ఆవేశం కొంచెం అటూ ఇటూ అయినా శక్తి మారని ఒక స్థానం గ్రాఫులో ఉంటుంది. వక్రరేఖ శిఖరం దగ్గర వాలు సున్నా అని మీరు కలన గణితంలో చదువుతారు. సరిగ్గా ఆ బిందువు దగ్గర క్యూబిట్‌ను నిలబెట్టారు. ఆయుష్షు వందల రెట్లు పెరిగింది. కానీ ఆ బిందువు నుంచి కాస్త జారినా రక్షణ పోయేది.

2007లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం బృందం మరో అడుగు వేసింది. ఒక్క బిందువులో కాదు, వక్రరేఖనే మొత్తం చదును చేశారు. ఎలాగంటే, జంక్షన్‌కు పక్కన పెద్ద కెపాసిటర్‌ను జోడించారు. అప్పుడు ఒక ఎలక్ట్రాన్ జంట తేడా శక్తి లెక్కలో చాలా చిన్నదైపోతుంది. కంసాలి త్రాసు స్థానంలో మార్కెట్ యార్డులో పత్తి తూచే కాటాను పెట్టినట్టు. ఊపిరికి అది కదలదు. దీనికి ట్రాన్స్‌మాన్ అని పేరు పెట్టారు.

అయితే ఏదీ ఊరికే రాదు. కెపాసిటర్ పెద్దదయ్యే కొద్దీ మెట్ల ఎత్తులు మళ్ళీ దాదాపు సమానం కావడం మొదలవుతుంది. పూర్తిగా సమానమైతే అది క్యూబిట్ కాదు. ఇక్కడే ఆ బృందం లెక్కలోని అందం ఉంది. జంక్షన్ శక్తికీ, ఆవేశపు శక్తికీ గల నిష్పత్తిని 20 నుంచి 80కి పెంచారనుకుందాం. ఫ్రీక్వెన్సీతో పోల్చిన మెట్ల తేడా సగానికి తగ్గుతుంది. ఆవేశపు రొద ప్రభావం మాత్రం వేల రెట్లు తగ్గుతుంది. ఒకటి నెమ్మదిగా తగ్గే వర్గమూలం లెక్క, రెండోది వేగంగా పడిపోయే ఘాతీయ ప్రమేయం లెక్క. కొంచెం ఇచ్చి చాలా పొందిన బేరం. అందుకే ఐబీఎం, గూగుల్ వంటి సంస్థలు తమ ప్రధాన యంత్రాలన్నిటిలో ఈ ట్రాన్స్‌మాన్‌నే వాడుతున్నాయి.

పిల్లలు గమనించవలసిన సంగతి ఒకటుంది. 2007 నాటి ఈ మార్పుకు ముఖ్యంగా కావలసి వచ్చింది ఒక సమీకరణాన్ని ఓపికగా సాధించి, అందులో ఏది ఎంత వేగంగా తగ్గుతోందో చూడగల కన్ను. ఆ కన్ను గణితంతోనే వస్తుంది.

రెండో పాఠం: పదార్థం శుద్ధి

ట్రాన్స్‌మాన్ తాళం తప్పడాన్ని బాగా తగ్గించింది. శక్తి కారిపోవడం మిగిలింది. అది పదార్థం పని. 2011లో యేల్ బృందం క్యూబిట్‌ను ఒక లోహపు పెట్టెలో పెట్టి దాని ఆయుష్షును పదుల మైక్రోసెకన్లకు తెచ్చింది. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షల వంతు. 2021లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు నయోబియం బదులు టాంటలం లోహం వాడి 300 మైక్రోసెకన్లు దాటించారు. టాంటలం మీద ఏర్పడే ఆక్సైడ్ శుభ్రంగా ఉండటం, దాన్ని ఘాటైన ఆమ్లాలతో కడగగలగడం అందుకు తోడ్పడ్డాయి. అదే విశ్వవిద్యాలయం 2025లో సిలికాన్ మీద టాంటలంతో ఒక మిల్లీసెకను దాటింది. మిల్లీసెకను అంటే 1000 మైక్రోసెకన్లు.

కొన్ని నానోసెకన్ల నుంచి ఒక మిల్లీసెకనుకు పాతికేళ్ళలో వచ్చిన మార్పు ఇది. లక్ష రెట్లకు పైగా. రూపకల్పనకు ఎంత పాలు ఉందో, రసాయనశాస్త్రానికీ శుభ్రతకూ అంతే పాలు ఉంది.

ఇది ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క వేసి చూడండి. ఒక క్రియ, అంటే గేటు, జరగడానికి 25 నానోసెకన్లు పడుతుందనుకోండి. క్యూబిట్ 100 మైక్రోసెకన్లు బతికితే ఆ కాలంలో 4000 క్రియలు పడతాయి. ఉపయోగపడే పెద్ద లెక్కలకు కోట్లాది క్రియలు కావాలి. ఇంకా ఎంత దూరం ఉందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మూడో పాఠం: రెండు జబ్బులకూ ఒకే మందు

శక్తి జారకుండా ఉండాలంటే 0 స్థితి, 1 స్థితి ఒకదానికొకటి దూరంగా, రెండు వేరు లోయల్లో ఉండాలి. ఒక లోయలోని రాయి దానంతట అది రెండో లోయలోకి పోదు. తాళం తప్పకుండా ఉండాలంటే రొద ఎటు లాగినా రెండు స్థితుల శక్తీ సమంగా మారాలి. అందుకు స్థితులు బాగా పరచుకుని ఉండాలి. ఒకటి 'విడిగా, కుదురుగా ఉండు' అంటుంది. రెండోది 'పరచుకో' అంటుంది. ఒకే కదలిక గల సాదా వలయంలో ఈ రెండు కోరికలూ పూర్తిగా తీరవు. ఇది ఈ రంగంలోని అసలు ముడి.

దీన్ని విప్పడానికి మూడు దారులు పట్టారు.

ఒకటి ఫ్లక్సోనియం. 2009లో యేల్‌లో చేశారు. జంక్షన్‌కు పక్కన పదుల కొద్దీ జంక్షన్ల గొలుసును కలిపి ఆవేశపు రొదకు దారి లేకుండా చేశారు. 2023లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి క్యూబిట్ ఒకటి 1.48 మిల్లీసెకన్లు తాళం తప్పకుండా నిలిచింది.

రెండవది జీరో-పై క్యూబిట్. అలెక్సీ కితాయెవ్ ఆలోచన నుంచి వచ్చి, 2013లో బ్రూక్స్, కితాయెవ్, ప్రెస్కిల్ రాసిన వ్యాసంతో స్పష్టమైన రూపం పొందింది. ఇందులో ఒక కదలిక బదులు రెండు కదలికలు ఉంటాయి. ఒక దిశలో స్థితులు విడివిడి లోయల్లో ఉంటాయి, ఇంకో దిశలో పరచుకుని ఉంటాయి. కాగితం మీద రెండు జబ్బులకూ మందు దొరికినట్టే. 2021లో ప్రిన్స్‌టన్‌లో దీని మెత్తని రూపాన్ని, అంటే పూర్తి రక్షణకు ఇంకా చేరని రూపాన్ని, చేసి చూశారు. శక్తి 1.6 మిల్లీసెకన్లు నిలిచింది. తాళం మాత్రం సుమారు 25 మైక్రోసెకన్లే నిలిచింది. కాగితం మీది కొలతలను చిప్ మీదికి తేవడం ఎంత కష్టమో ఈ రెండు అంకెలు చెబుతాయి.

మూడవది క్యాట్ క్యూబిట్. ఇందులో 0, 1 అనేవి ఒకే కంపనం ఎదురెదురు దిశల్లో ఊగడం. ఊపు పెద్దదయ్యే కొద్దీ 0 పొరపాటున 1 కావడం ఘాతీయంగా తగ్గిపోతుంది. 2024లో ఫ్రాన్సుకు చెందిన ఆలిస్ అండ్ బాబ్ సంస్థ, అక్కడి పరిశోధకులు కలిసి ఇలాంటి తారుమారు పది సెకన్లకు పైగా జరగకుండా నిలిపారు. కానీ తాళం నిలిచిన కాలం అర మైక్రోసెకను పరిధిలోనే. ఒక జబ్బును దాదాపు పూర్తిగా ఆపి, రెండోదాన్ని ఇంకో పద్ధతిలో సరిదిద్దుదామన్నది వీరి ఆలోచన. అమెజాన్ సంస్థ కూడా 2025 ఫిబ్రవరిలో ఓసెలాట్ అనే చిప్‌తో ఇదే దారి పట్టింది.

రక్షణకు చెల్లించే ధర

ఇంతవరకు చదివినవారికి ఒక అనుమానం రావాలి. రొద క్యూబిట్‌ను తాకలేకపోతే, మనం మాత్రం ఎలా తాకుతాం? మనం పంపే మైక్రోవేవ్ కూడా దానికి బయటి నుంచి వచ్చిందే కదా.

ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. దీపాన్ని కుండలో పెట్టి మూతపెడితే గాలి తగలదు, వెలుగూ బయటికి రాదు. రొద మాట వినని క్యూబిట్ మన మాట కూడా సులభంగా వినదు. జీరో-పై క్యూబిట్‌లో 0 నుంచి 1కి నేరుగా తోసే దారి మూసుకుపోతుంది గనుక, పైనున్న ఇతర మెట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చింది. ఫ్లక్సోనియం ఫ్రీక్వెన్సీ తక్కువ కావడం వల్ల చుట్టుపక్కల మిగిలిన కాస్త వేడి కూడా దాన్ని కదిలిస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందు దాన్ని ప్రత్యేకంగా 0 స్థితికి తేవాలి. కాబట్టి మంచి రూపకల్పన అంటే గోడలు ఎత్తు చేయడం కాదు. గాలి వచ్చే వైపు గోడ కట్టి, నూనె పోసే వైపు గూడు తెరిచి ఉంచడం. ఏ వైపు ఏదో కనిపెట్టడమే ఈ పని చేసేవారి నైపుణ్యం.

ఎంత కట్టినా కొంత పొరపాటు మిగులుతుంది. అందుకు చివరి రక్షణ తప్పు దిద్దే పద్ధతి. చాలా క్యూబిట్‌లు కలిసి ఒకే సమాచారాన్ని మోస్తాయి. వాటిలో ఒకటి చెడితే మిగిలినవాటి ద్వారా పట్టుకుంటారు. 2024 డిసెంబరులో గూగుల్ తన 105 క్యూబిట్‌ల విల్లో చిప్ ఫలితాలను ప్రచురించింది. గుంపును 3, 5, 7 అనే వరుసలో పెద్దది చేసిన ప్రతిసారీ పొరపాటు రెండు రెట్లకు పైగా తగ్గింది. అంతకు ముందు చాలా ప్రయోగాల్లో గుంపు పెరిగితే పొరపాట్లు కూడా పెరిగేవి. ఒక్కొక్క క్యూబిట్ నాణ్యత ఒక హద్దు దాటితేనే ఈ మేలు జరుగుతుంది. అంటే ఒక్క దీపాన్ని బాగా కట్టడం, పది దీపాలను పక్కపక్కన పెట్టడం రెండూ కావాలి. మొదటిది ఎంత బాగుంటే రెండోదానికి అంత తక్కువ ఖర్చు.

మన దేశంలో ఈ పని

ఇది అమెరికాలో, ఫ్రాన్సులో జరిగే పని మాత్రమే అనుకోవద్దు. మన రాష్ట్ర రాజధానిలోనే జరుగుతోంది. ముంబైలోని కొలాబాలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఉంది. అక్కడ ఆర్. విజయరాఘవన్ నాయకత్వంలోని ప్రయోగశాల ఏళ్ళ తరబడి సూపర్‌కండక్టర్ క్యూబిట్‌ల మీద పని చేస్తోంది. వారు కనిపెట్టిన వలయాకారపు అమరికతో చేసిన 6 క్యూబిట్‌ల ప్రాసెసర్‌ను మొదటి నుంచి చివరి దాకా పరీక్షించినట్టు 2024 ఆగస్టులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రకటించింది. ఇందులో క్యూబిట్‌లు కొలాబావి. వాటిని నడిపే ఎలక్ట్రానిక్ పరికరాలను పుణెలోని డీఆర్‌డీఓ యువ శాస్త్రవేత్తల ప్రయోగశాల సిద్ధం చేసింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కూడా చేయి కలిపింది.

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ 19న 6003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఇది 2030-31 వరకు నడుస్తుంది. దాని కంప్యూటింగ్ కేంద్రం బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఉంది. తెలుగు నేల మీద కూడా కదలిక వచ్చింది. అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్‌ల హెరాన్ ప్రాసెసర్ గల ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పుతామని 2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ ప్రకటించాయి. ఆ హెరాన్‌లో ఉన్నవి కూడా మనం పైన చూసిన ట్రాన్స్‌మాన్‌లే.

విద్యార్థులకు

రొద ఎక్కడెక్కడి నుంచి వస్తుందో మరొకసారి చూడండి. అక్కడక్కడ ఒక చదువు, ఒక పని ఉన్నాయి. వేడిని ఆపడానికి క్రయోజెనిక్స్ కావాలి, అది భౌతికశాస్త్రం, మెకానికల్ వారి పని. ఆక్సైడ్ పొరలను శుభ్రం చేయడం రసాయన, పదార్థ శాస్త్రాల పని. మైక్రోవేవ్ పంపి జవాబు చదవడం ఎలక్ట్రానిక్స్ వారి పని. తప్పులు దిద్దే పద్ధతులు గణితం, కంప్యూటర్ సైన్స్ వారివి. కొత్త వలయాలను ఆలోచించడం క్వాంటం మెకానిక్స్ బాగా చదివినవారిది. కాబట్టి 'క్వాంటం' అని పేరున్న కోర్సులో చేరితేనే ఈ రంగంలోకి రాగలమన్నది నిజం కాదు.

పదకొండు, పన్నెండు తరగతుల వారు సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, ఎల్‌సీ డోలనాలు, విద్యుదయస్కాంత ప్రేరణ బట్టీ పట్టకుండా నేర్చుకోండి. మరాఠీ మాధ్యమంలో చదివితే వెనుకబడిపోతామన్న భయం వద్దు. అర్థమైన సమీకరణానికి భాష అడ్డు కాదు. ఇంగ్లీషు పదాలను రోజుకు కొన్ని చొప్పున పక్కన రాసుకోండి.

పన్నెండు తరువాత ఇంజనీరింగుకు జేఈఈ ఉంది. సైన్సు మీద ఆసక్తి ఉంటే పుణెలోని ఐసర్ వంటి సంస్థలకు ఐఏటీ, భువనేశ్వర్‌లోని నైసర్‌కు నెస్ట్ ఉన్నాయి. ఇంటికి దగ్గరలో చదవదలచినవారికి నాందేడ్‌లో స్వామి రామానంద్ తీర్థ్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం, శ్రీ గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ సంస్థ ఉన్నాయి. బీఎస్సీ తరువాత జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయవచ్చు. కొలాబా సంస్థ తన ప్రవేశ పరీక్ష ద్వారా పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకుంటుంది. పీహెచ్‌డీ చేసేవారికి నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. ఆ దశలో చదువు తల్లిదండ్రులకు భారం కానక్కరలేదు. తేదీలు ఏటా మారతాయి గనుక ఆయా సంస్థల అధికారిక ప్రకటనలను మాత్రమే చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట

క్వాంటం పేరు మీద కొద్ది నెలల్లో నిపుణులను చేస్తామంటూ వేలు, లక్షలు అడిగే ప్రకటనలు మీ దాకా వస్తాయి. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. బోధించేవారు ఈ విషయంలో ఏం చదివారు? ఈ సర్టిఫికెట్‌ను ఏ విశ్వవిద్యాలయం గుర్తిస్తుంది? చేరడానికి ఎంత గణితం వచ్చి ఉండాలి? ఏ గణితమూ అక్కరలేదని జవాబు వస్తే ఆ డబ్బును పిల్లల పుస్తకాలకు, పరీక్ష ఫీజులకు దాచండి. ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి.

అలాగే పత్రికల్లో 'ఇన్ని వందల క్యూబిట్‌ల యంత్రం' అని చదివినప్పుడు పిల్లలు ఆ అంకె దగ్గరే ఆగిపోవద్దు. ఒక్కొక్కటి ఎంతసేపు నిలుస్తోంది, వెయ్యి క్రియల్లో ఎన్ని తప్పుతున్నాయి అని కూడా చూడండి. ఈ రెండూ చెప్పని వార్త సగం వార్తే.

ఈ రంగంలో ప్రధానమైన ముడి ఇంకా విప్పబడలేదు. రొదకు చెదరకుండా, మన మాట మాత్రం వినే క్యూబిట్‌ను పూర్తిగా సాధించినవారు లేరు. ఇప్పుడు పదకొండో తరగతిలో ఉన్న బిడ్డ పీహెచ్‌డీ పూర్తి చేసేనాటికి కూడా ఇందులో చేయవలసిన పని మిగిలే ఉంటుంది. రేణుకామాత కొండ కింద చదువుకునే మన పిల్లలు ఆ పనిలో చేరడానికి ఊరు చిన్నదన్నది అడ్డు కాదు. కావలసింది గట్టి పునాది, పదేళ్ళ ఓపిక. పునాది బాధ్యత పిల్లలది. ఆ పదేళ్ళు వారిని తొందరపెట్టకుండా నిలబడటం మనది. చదువు మధ్యలో డబ్బు అడ్డం వస్తే దాచుకోకుండా ట్రస్టు స్కాలర్‌షిప్ కమిటీకి చెప్పండి. ఈ బులెటిన్, ఈ ట్రస్టు ఉన్నది అందుకే.